ఇసుకతో బేరం

తెలుగువాడికి మెరీనా అంటే మద్రాసు. సాయంత్రం గాలి, పొట్లంలో సుండల్, నడిచినకొద్దీ తరగని ఇసుక. 1884లో గవర్నరు గ్రాంట్ డఫ్ అక్కడ షికారు బాట వేయించి, సిసిలీలో తాను చూసిన సముద్రపు ఒడ్డు వీధులను తలుచుకుని ఆ పేరు పెట్టాడు. అందులో పడవల ఊసే లేదు. నలభై నాలుగేళ్ల తరవాత, 1928లో, అమెరికాలోని పడవలు, ఇంజిన్ల తయారీదారుల సంఘం అదే మాటను తీసుకుని షికారు పడవలు కట్టేసుకునే రేవుకు తగిలించింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఆ రెండో అర్థమే చెల్లుతోంది. మనకు మెరీనా అంటే ఇసుక, వాళ్లకు మెరీనా అంటే నీళ్లు.

ఈ ఇసుకకూ ఆ నీళ్లకూ చుట్టరికం ఉంది. అది బాగా తెలియాలంటే అమెరికా పడమటి ఒడ్డున, దక్షిణ కాలిఫోర్నియాలో, శాంటా బార్బరా నుంచి శాన్ డియేగో దాకా ఉన్న రెండు వందల మైళ్ల తీరం చూడాలి. విశాఖ నుంచి విజయవాడకు కాస్త తక్కువ దూరం. ఈ ముక్కలో ఇవాళ పదికి పైగా షికారు రేవులు, వాటిలో వేలకు వేలు పడవలు. వాటిలో దేవుడు ఇచ్చిన రేవంటూ చెప్పుకోదగ్గది శాన్ డియేగో ఒక్కటే. తక్కినవన్నీ మనుషులు తవ్వుకున్నవీ, రాళ్లు పోసి కట్టుకున్నవీ.

1835లో ఈ తీరం ఎలా ఉండేదో చెప్పడానికి మంచి సాక్షి ఒకడున్నాడు. రిచర్డ్ హెన్రీ డేనా, పందొమ్మిదేళ్ల కుర్రాడు. తట్టు వచ్చి చూపు మందగించడంతో హార్వర్డ్ చదువు ఆపి, బోస్టన్ నుంచి పిల్‌గ్రిమ్ అనే ఓడలో మామూలు కళాసీగా ఎక్కాడు. కాలిఫోర్నియా అప్పుడు మెక్సికోది. అక్కడి సరుకు పశువుల తోళ్లు. శాంటా బార్బరా ముందు ఓడ ఆపాలంటే ఒడ్డుకు మూడు మైళ్ల దూరంలోనే లంగరు వేయాలి. చలికాలంలో ఆగ్నేయం గాలి తిరిగిందంటే ఓడను నేరుగా ఒడ్డు మీదికి తోసేస్తుంది. అందుకని లంగరు గొలుసు కొసకు ఒక బోయా కట్టి సిద్ధంగా ఉంచేవారు. మబ్బు కమ్మగానే గొలుసు వదిలేసి, తెరచాపలెత్తి నడిసముద్రంలోకి పరుగు. గాలి తగ్గాక రెండు మూడు రోజులకు తిరిగొచ్చి, బోయా వెతుక్కుని, గొలుసు మళ్లీ అందుకోవడం. ఒక్కో చలికాలంలో ఈ తతంగం ఎన్నిసార్లో!

శాన్ హువాన్ దగ్గర పని ఇంకా విచిత్రం. ఒడ్డున నిలువు కొండ, కిందికి బండి దిగే దారి లేదు. పైనుంచి తోళ్లను ఒక్కొక్కటిగా గాలిలోకి విసిరేవారు, అవి పళ్లేల్లా తిరుగుతూ కింద ఇసుకలో పడేవి. కొన్ని కొండ మధ్యలో చిక్కుకుంటే డేనాయే తాడు పట్టుకుని దిగి వాటిని తన్ని కిందికి తోశాడు. పడ్డవాటిని నెత్తిన పెట్టుకుని, కెరటాలు దాటి, పడవలోకి చేర్చాలి. కాకినాడ, మచిలీపట్నం ఒడ్డుల్లో ఓడ దూరాన ఆగితే బస్తాలను పడవల మీద చేరవేసిన మన కూలీలకు ఆ పని కొత్తగా అనిపించదు. డేనా ఇదంతా 1840లో పుస్తకంగా వేశాడు. తరవాత ఆ కొండకు ఆయన పేరే పెట్టారు, డేనా పాయింట్ అని. ఆ చోటు మళ్లీ వస్తుంది కథలోకి.

రేవు లేని చోట రేవు కట్టడం ఇంజనీర్లకు కష్టమేమీ కాదు. అసలు కష్టం ఇసుక. వాయవ్యం నుంచి వచ్చే చలికాలపు కెరటాలు ఒడ్డును ఏటవాలుగా కొడతాయి. ప్రతి కెరటమూ గుప్పెడు ఇసుకను కాస్త పక్కకు జరుపుతుంది. రోజుకు వేల కెరటాలు. అలా శాంటా బార్బరా దగ్గర తూర్పుకూ, తరవాత దక్షిణానికీ ఒడ్డు వెంబడి ఇసుక ఒక నదిలా నడుస్తుంటుంది. పైనుంచి వాగులూ ఏరులూ దాన్ని నింపుతాయి. కింద సముద్రగర్భంలోని లోతైన లోయల్లో పడి అది ఇంక తిరిగిరాకుండా పోతుంది. ఈ నదికి అడ్డంగా రాళ్లు పోస్తే ఒక పక్క పేరుకుంటుంది, రెండో పక్క ఒడ్డు ఆకలితో తనను తానే తినేస్తుంది. ఇది ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న మాట. ఆ పాఠం రాయడానికి కావలసిన మసాలా అంతా ఒక ఊరు ఇచ్చింది.

ఆ ఊరు శాంటా బార్బరా. అక్కడ ఈ కథ మొదలుపెట్టిన మనిషి మాక్స్ ఫ్లైష్‌మన్, బ్రెడ్డు పిండి పొంగడానికి వేసే ఈస్ట్ అమ్మిన కుటుంబంవాడు. పిండితోపాటు సంపదా బాగా పొంగింది. ఆయనకు షికారు ఓడ ఉంది, పేరు హైడా. ఓడ ఉంది కానీ ఊళ్లో దాన్ని కట్టేయడానికి చోటు లేదు. ఊరు తన వంతు వేస్తే 2 లక్షల డాలర్లు తానిస్తానని ఆయన ముందుకొచ్చాడు. 1927లో బ్రేక్‌వాటర్, అంటే అలలను ఆపే రాతిగోడ, పని మొదలైంది. ఇసుకకు దారి ఉంచుదామని గోడకూ ఒడ్డుకూ మధ్య ఆరు వందల అడుగుల సందు వదిలారు. ఆలోచన మంచిదే. ఆ సందులోంచి ఇసుక నేరుగా రేవులోకి వచ్చి కూర్చుంది. 1930లో సందు మూసేశారు. అప్పుడు ఇసుక గోడకు పడమట పేరుకుని కొత్త బీచి తయారైంది. అది నిండాక, గోడ వెంబడే నడిచి, కొస తిరిగి, రేవు మొగలో దిబ్బ వేసింది. రేవు అయిదారేళ్లలోనే పూడే దశకొచ్చింది.

అటు తూర్పున మాత్రం ఒడ్డు తరిగిపోయింది. సమ్మర్‌ల్యాండ్, కార్పింటీరియా దాకా బీచీలు సన్నబడ్డాయి, ఇళ్ల పునాదుల దాకా నీళ్లొచ్చాయి. 1935లో ప్రభుత్వ డ్రెడ్జర్ ఒకటి రేవులో ఇసుక తోడి, తూర్పు ఒడ్డుకు ఎదురుగా ఇరవై అడుగుల పైన లోతులో పారబోసింది. మిగతా పని కెరటాలు చేస్తాయని ఆశ. ఆ ఇసుక పారబోసిన చోటే, గుట్టగా, కదలకుండా కూర్చుంది. కెరటం ఇసుకను ఒడ్డుకు తెస్తుందన్నది ఎంత లోతు దాకా నిజమో అప్పుడు తెలిసింది. ఆ తరవాత పంపులూ గొట్టాలూ పెట్టి తిన్నగా బీచి మీదికే పోయడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే. ఏడాదికి సుమారు 3 లక్షల ఘనపు గజాలు. లారీకి పదేసి గజాలు వేసినా ముప్పైవేల లారీలు. ఒక శ్రీమంతుడి ఓడకు నీడ కావాలని మొదలైన పని తొంభై ఏళ్లుగా ఆగలేదు.

ఇది చదివిన మద్రాసువాళ్లు నవ్వుకోవచ్చు. వాళ్లకు ఇది యాభై ఏళ్ల ముందే అయింది. 1876లో హార్బర్ గోడల పని మొదలుపెడితే 1881 తుపానులో వాటిలో చాలా భాగం కొట్టుకుపోయింది. మళ్లీ కట్టారు. మన తూర్పు తీరంలో ఇసుక ఎక్కువగా ఉత్తరానికి నడుస్తుంది, గోడకు దక్షిణాన ఆగిపోయింది. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం ఊళ్లోకి వచ్చింది. దక్షిణాన ఆగిన ఆ ఇసుకే మెరీనా బీచీని ఇప్పటి వెడల్పుకు తెచ్చింది. గ్రాంట్ డఫ్ పేరు పెట్టాడు గానీ బీచీని అంత పెద్దది చేసింది హార్బరే. ఇసుక పోరు పడలేక తూర్పుకున్న హార్బర్ ద్వారాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మూసి ఈశాన్యానికి తిప్పారు.

విశాఖ ఇంజనీర్లు ఈ పాఠం చదువుకునే దిగారు. 1933లో రేవు తెరిచేనాటికి, కాలువ మొగకు దక్షిణాన జేనస్, వెల్స్‌డన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచారు. వాటి చాటున ఇసుక ఆగితే, మొగలోకి రాకముందే డ్రెడ్జర్‌తో ఎత్తవచ్చని ఎత్తు. ఎత్తిన ఇసుకను ఉత్తరాన ఊరి బీచీకి పంపు చేయడం విశాఖలో ఇప్పటికీ మామూలే. ఆర్కే బీచిలో కుటుంబంతో కూర్చుని మొక్కజొన్నపొత్తు తినేవాళ్లలో ఎంతమందికి తెలుసో, కాళ్ల కింద ఉన్నదాంట్లో కొంత గొట్టంలో వచ్చిన ఇసుకని! డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కేంద్రం విశాఖలో ఉండటం కాకతాళీయంలా కనిపించదు.

మళ్లీ కాలిఫోర్నియాకు. 1930లలో హాలీవుడ్ వాళ్లకు పడవల పిచ్చి పట్టింది. 1934లో శాంటా మోనికా ఊరు తన బీచికి ఎదురుగా, ఒడ్డును తాకకుండా, రెండు వేల అడుగుల రాతిగోడ ఒకటి సముద్రంలో నిలబెట్టింది. చార్లీ చాప్లిన్ పడవ లాంటివి దాని చాటున లంగరు వేశాయి. గోడ చాటున అల తగ్గింది, అల తగ్గిన చోట ఇసుక దిగింది, బీచి పడవల వైపు పెరుగుతూ వచ్చింది. ఇంకోవైపు రాళ్లు కూడా కుంగిపోయాయి. చివరికి పడవలు పోయాయి, వెడల్పాటి బీచి మిగిలింది. ఊరికి అదే లాభమైంది. అనుకున్నది ఒకటి, అయింది ఒకటి అయినా ఎవరూ ఏడవని కేసు ఇదొక్కటే.

న్యూపోర్ట్‌ది వేరే కథ. అక్కడ ఇసుకతో పాటు బురద. శాంటా ఆనా నది తెచ్చిన మట్టితో ఏర్పడిన చిత్తడి, మొగలో ప్రాణాలు తీసే కెరటాలు. బురద తవ్వి, తవ్విన మట్టితోనే ద్వీపాలు లేపి, స్థలాలు గజాల లెక్కన అమ్మారు. కేంద్రం డబ్బుతో మొగకు రెండు వైపులా రాతికట్టలు బలపరిచి, లోపలంతా లోతు చేసి, 1936 మే 23న వేడుకగా తెరిచారు. ఇంటి ముందు కారు, ఇంటి వెనక పడవ అనే జీవితం ఇక్కడే ఒక రూపానికి వచ్చింది. నటుడు జాన్ వేన్ వైల్డ్ గూస్ అనే, యుద్ధకాలంలో మైన్లు ఏరిన ఓడను కొని, ఇక్కడే కట్టుకున్నాడు.

దగ్గర్లోని అర్వైన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను తప్పకుండా తీసుకెళ్లే చోటు ఒకటుంది న్యూపోర్ట్‌లో, బాల్బోవా ఫెర్రీ. 1919లో దీన్ని మొదలుపెట్టింది బీక్ కుటుంబం. పడవలో పట్టేది మూడే కార్లు. ఎక్కి, ఇంజిన్ ఆపి, అద్దం దించుకునేలోపు అవతలి ఒడ్డు. వంతెన వేస్తే నిమిషం పని. వేయలేదు, వేయమని అడిగేవాళ్లూ పెద్దగా లేరు. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద కారుతో గోదావరి దాటిన పెద్దాయనకు ఇది పిల్లలాటలా ఉంటుంది గానీ, ఆ డీజిల్ వాసన, తాడు విసిరే కుర్రాడి నిర్లక్ష్యం మాత్రం అచ్చం అదే.

షికారు పడవకు రేవుంటే చాలదు, వెళ్లడానికి ఒక చోటు కూడా ఉండాలి. ఈ తీరానికి ఆ చోటు ఇరవై రెండు మైళ్ల అవతల ఉన్న కటలీనా ద్వీపం. చూయింగ్ గమ్ వ్యాపారి విలియం రిగ్లీ 1919లో దాదాపు ద్వీపం మొత్తం కొన్నాడు. పొద్దున్నే గాలి ఉండదు, మంచు కమ్మి ఉంటుంది, ఇంజిన్ మీద వెళ్లాలి. మధ్యాహ్నానికి పడమటి గాలి లేస్తుంది, తిరుగు ప్రయాణంలో తెరచాప దానంతటదే లాగుతుంది. అవలాన్ అనే ఊరి ముందు నాలుగు వందల దాకా బోయాలు వరసలుగా ఉంటాయి. కొత్తవాడి పరువు పోయేది అక్కడే. బోయా దగ్గర నిలువుగా తేలే కర్రను ముందు అందుకోవాలి. దాని మోకును పడవ ముక్కుకు బిగించాలి. అక్కణ్నుంచి నీళ్లలోకి వేలాడే సన్నతాడును చేత్తో లాక్కుంటూ వెనక్కి నడిస్తే, వెనక కట్టే మోకు దొరుకుతుంది. ఆ సన్నతాడు నిండా నాచు, బంక, ఇసుక. తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుందంటే పక్క పడవలవాళ్లంతా కాఫీ కప్పులతో బయటికొచ్చి తీరిగ్గా చూస్తారు.

అంతలో గస్తీ పడవ వస్తుంది. గస్తీ మనిషి నమస్కారం చెప్పి, పడవలోకి దిగి, తిన్నగా మరుగుదొడ్డికి వెళ్లి ఒక రంగు బిళ్ల వేస్తాడు. ఆ పడవ నుంచి మురుగు సముద్రంలోకి వదిలారో, చుట్టూ నీళ్లు రంగు తిరుగుతాయి, జరిమానా పడుతుంది, ఊరి నుంచి వెళ్లగొడతారు. నీళ్ల అడుగు కనిపించేంత స్వచ్ఛంగా ఆ రేవు ఉందంటే ఆ బిళ్ల మహిమ కొంత. ఆ అందానికి ఒక్కటే శత్రువు, చలికాలంలో ఈశాన్యం నుంచి వచ్చే గాలి. అవలాన్ మొగం అటే. 2014 డిసెంబరు 30 రాత్రి ఆ గాలికి పడవలు మోకులు తెంచుకుని ఒడ్డున పడ్డాయి, ఇద్దరు చనిపోయారు. డేనా గొలుసు వదిలి పారిపోయిన నాటికీ నేటికీ గాలి స్వభావం మారలేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత అసలు వెల్లువ మొదలైంది. అప్పటిదాకా పడవంటే కొయ్య, వడ్రంగి, ఏటా రంగు, కోటీశ్వరుడు. ఫైబర్‌గ్లాస్ వచ్చాక అచ్చులో పోసి తీయడమే. న్యూపోర్ట్ పక్కనున్న కోస్టా మెసా ఊరి షెడ్లలో అలాంటి పడవలు వరసగా తయారయ్యాయి. స్కూలు టీచరూ, విమాన ఫ్యాక్టరీ మెకానిక్కూ కూడా వాయిదాల మీద పడవ కొన్నారు. కొన్నాక ఎక్కడ పెట్టాలి?

లాస్ ఏంజెలెస్ కౌంటీ ఇచ్చిన జవాబు మెరీనా డెల్ రే. బయోనా వాగు సముద్రంలో కలిసే చిత్తడి నేల అది. 1887లో మోజెస్ విక్స్ అనే ఆయన అక్కడే ఓడరేవు తవ్వబోయి మూడేళ్లలో చేతులెత్తేశాడు. 1949లో సైన్యపు ఇంజనీర్లు 8,000 పడవలకు రేవు సాధ్యమేనని లెక్కలు వేశారు, 1954లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సంతకం పడింది, 1957 చివర తవ్వకం మొదలైంది. నీరు సగం, నేల సగం, ఎనిమిది వందల ఎకరాలు. పక్షులకు నెలవైన తుంగ, ఉప్పునీటి గడ్డి పోయాయి. వీధులకు తాహితి, బాలి, ఫిజి అని దక్షిణ సముద్రాల పేర్లు పెట్టారు. ఆ పేర్లు చూసి పడవలవాళ్లు ముచ్చటపడ్డారు.

1962-63 చలికాలంలో రేవు తన గుణం చూపించింది. రెండు రాతికట్టల మధ్య తిన్నగా ఉన్న మొగలోంచి కెరటాలు లోపలికొచ్చి, గోడలకు తగిలి, వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చేవాటితో కలిశాయి. తొట్టిలో నీళ్లను చేత్తో అటూ ఇటూ ఊపితే చివరికి అంచు దాటి పొర్లినట్టు. కొత్తగా వేసిన తేలుడు బాటలు విరిగాయి, పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. హడావుడిగా మొగలో ఇనుప రేకుల అడ్డుగోడలు దించారు. ఈలోగా సముద్రానికి ఎంతో దూరాన, మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్‌లో, ఇంజనీర్లు రేవుకు నకలు కట్టి, అందులో చిట్టి కెరటాలు పుట్టించి, ఏ గోడ ఎక్కడ పెడితే నీళ్లు నెమ్మదిస్తాయో చూశారు. ఆ లెక్క ప్రకారమే మొగకు ఎదురుగా సుమారు 2,300 అడుగుల గోడ లేచింది. 1965 ఏప్రిల్ 10న రేవును లాంఛనంగా ప్రారంభించారు. అమెరికాలో మనుషులు తవ్విన చిన్నపడవల రేవుల్లో అంత పెద్దది లేదని ప్రచారం. ఇవాళ దాదాపు 5,000 పడవలుంటాయి.

ఇసుక మాత్రం వదల్లేదు. గోడకు దక్షిణం వైపు దారిలో బయోనా వాగు తెచ్చే మట్టి పేరుకుంటుంది. అది ఊరి రోడ్లన్నీ కడిగి తెచ్చిన మట్టి, సీసం లాంటివి కలిసినది. శాంటా బార్బరాలోలాగా తోడి బీచి మీద పోయడానికి లేదు. పెద్ద ఊరి పక్కన రేవు కడితే ఇసుకకూ అర్హత పరీక్ష పెట్టాల్సొస్తుంది.

ఇక డేనా పాయింట్. తోళ్లు విసిరిన కొండ చాటున కెరటం ఒకటి అద్భుతంగా లేచేది, సర్ఫర్లు దాన్ని కిల్లర్ డేనా అనేవారు. 1966 ఆగస్టులో రేవు తవ్వకం మొదలైంది, 1971లో తెరిచారు, దాదాపు రెండున్నర వేల పడవలకు చోటు. కెరటం గోడ కింద సమాధి అయింది. రేవు లోపలి నీళ్లు కదలక, పిల్లలాడుకునే చిన్న బీచిలో బాక్టీరియా పెరుగుతోందని తరవాత్తరవాత గోల.

సరిగ్గా ఆ తవ్వకం జరుగుతున్న రోజుల్లోనే, ఆ ఊళ్లోనే 1954లో సర్ఫ్ బోర్డుల దుకాణం పెట్టిన హోబీ ఆల్టర్ ఒక పడవ తయారుచేశాడు. రెండు సన్నని దోనెలు, మధ్య గుడ్డ, ఒక తెరచాప. కింద లోతుగా పొడుచుకొచ్చే పలక లేదు. ఇసుక మీంచి ఇద్దరు తోసుకుంటూ కెరటాల్లోకి దించవచ్చు, అలాగే ఇసుక మీదికి ఎక్కించవచ్చు. రేవు అక్కర్లేదు, అద్దె అక్కర్లేదు. పేరు హోబీ క్యాట్. తరవాతి పదహారు అడుగుల రకం లక్షకు పైగా అమ్ముడుపోయింది. పక్కనే కోట్లు పోసి గోడలు కడుతుంటే, అసలు గోడే అవసరం లేని పడవ. ఈ రెండు శతాబ్దాల కథలో ఇంతకంటే చక్కటి కొంటెతనం లేదు.

ఆ క్యాట్ అన్నది పిల్లి కాదు, క్యాటమరాన్. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. మన జాలర్ల తెప్ప. 17వ శతాబ్దం చివర కోరమాండల్ తీరానికి వచ్చిన నావికుడు విలియం డాంపియర్ ఆ మాటను ఇంగ్లిషులో రాసుకున్నాడు. మాట ప్రయాణంలో అర్థం మార్చుకుంది. తెప్ప అంటే పక్కపక్కన కట్టిన దుంగలు, రెండు దోనెల పడవ పసిఫిక్ ద్వీపాల వాళ్లది. ఎలా కలిశాయో గానీ పేరు మనది, రూపం వాళ్లది. 1876లో హెరెషాఫ్ అనే పడవల శిల్పి న్యూయార్క్‌లో అలాంటి పడవతో పోటీకి దిగి అందర్నీ దాటేస్తే, ఇది పడవే కాదని గెలుపు రద్దు చేశారు. 1988లో శాన్ డియేగోలో డెనిస్ కానర్ క్యాటమరాన్ మీద అమెరికా కప్ గెలిచినప్పుడూ అదే గొడవ కోర్టుకెక్కింది. అయినా దాని అసలు సుగుణం వేగం కాదు. భీమిలి నుంచి బాపట్ల దాకా మన జాలరి తెప్పను ఎందుకు వాడాడో, హోబీ ఆల్టర్ కూడా అందుకే ఆ ఆకారానికి వచ్చాడు. రేవు లేని ఒడ్డున, కెరటం విరిగే చోట, చేత్తో తోసి ఎక్కాలి.

ఇవాళ ఈ తీరంలో పడవ కొన్నవాడు రేవు ఎంచుకునేటప్పుడు అద్దె ఎంత, ఇంటికి ఎంత దూరం అని మాత్రమే చూడడు. మొగలో ఇసుక ఎంత అని అడుగుతాడు. ఓషన్‌సైడ్ రేవు 1963లో తెరిచారు, పక్కనున్న సైనిక రేవు గోడలకు అప్పటికే ఇసుక అలవాటు పడింది, ఏటా తోడాల్సిందే. వెంచురా రేవుకు 1969లో ఇసుక వెనక నుంచి వచ్చింది. శాంటా క్లారా నది పొంగి, గట్టు దాటి, బురదతో సహా రేవులోంచి సముద్రంలోకి దారి చేసుకుంది. పడవలు పోగులు పడ్డాయి. దాని పక్కనున్న ఛానెల్ ఐలండ్స్ హార్బర్‌దే అన్నిటికన్నా తమాషా. 1960 ప్రాంతంలో అక్కడ ముందు అనుకున్నది రేవు కాదు, ఇసుక ఉచ్చు. కింది ఒడ్డున హ్వైనీమీ బీచి కోసుకుపోతుంటే, దానికి పోయడానికి ఇసుక పట్టి ఉంచే గొయ్యి కావాలి. గొయ్యి తవ్వారు, గోడ పెట్టారు, గోడ చాటున నీళ్లు నెమ్మదించాయి, పడవలకు చోటు వచ్చింది. రెండేళ్లకోసారి ఆ గొయ్యి ఖాళీ చేసి కింది ఊరికి పంపిస్తారు. ఇసుకను శత్రువుగా కాక కౌలుదారుగా చూసిన రేవు అదొక్కటే.

1972లో కాలిఫోర్నియా ఓటర్లు తీరం మీద కట్టడాలకు పగ్గం వేయాలని తీర్మానించారు, 1976లో తీర చట్టం వచ్చింది. కొత్త రేవుల కాలం అక్కడితో దాదాపు ముగిసింది. ఆఖరి పెద్ద పోరు బోల్సా చీకాలో. న్యూపోర్ట్‌కు ఉత్తరాన ఉన్న చిత్తడి. ఒకప్పుడు దానికి సముద్రంలోకి మొగ ఉండేది. 1899లో బాతుల వేటగాళ్ల క్లబ్బు ఒకటి, మంచినీటి బాతులు వాలాలని, ఆ మొగను మూసేసింది. తరవాత చమురు బావులొచ్చాయి. 1970లలో, ఎనభైలలో నేల యజమానులు మళ్లీ మొగ తెరుస్తామన్నారు, ఈసారి వెయ్యికి పైగా పడవల మెరీనా కోసం, చుట్టూ వేల ఇళ్ల కోసం. ఊళ్లోవాళ్లు సంఘం పెట్టి ఇరవై ఏళ్లు కొట్లాడారు. 1997లో రాష్ట్రం ఎనిమిది వందల ఎనభై ఎకరాలు కొంది. ఖర్చులో పెద్ద వాటా లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ ఓడరేవులది. తమ దగ్గర సముద్రాన్ని పూడ్చినందుకు ఇక్కడ చెల్లించిన పరిహారం.

2006 ఆగస్టులో మొగ తెరిచారు. నూటయేడేళ్ల తరవాత పోటు నీళ్లు లోపలికి వచ్చాయి, వెనకే చేపపిల్లలు, వాటి వెనక కొంగలు, పెలికన్లు వచ్చాయి. మొగకు ఇరువైపులా రాతికట్టలున్నాయి, పైన రోడ్డు వంతెన ఉంది, పడవలకు ప్రవేశం లేదు. పడవలు లేవని ఇసుక ఊరుకోలేదు. పోటుతో పాటు లోపలికొచ్చి దిబ్బ వేస్తుంది. తోడకపోతే మొగ మళ్లీ మూసుకుపోతుంది. అందుకని ఇక్కడికీ, ఒక్క షికారు పడవా లేని ఈ నీళ్లలోకి కూడా, గొట్టాలు వేసుకుని డ్రెడ్జర్ వస్తుంది.